మ్యూజియంలో విన్న మగ్గం చప్పుడు

ధర్మవరంలో ఉన్న మా పెద్దక్కకు, నీ చెల్లెలు నరసమ్మ జపాను దేశం నుంచి రెండు చేతులూ జోడించి రాసుకునేది.

అక్కా, నీ మోకాళ్ళు ఎట్లున్నాయి? నూనె రాసుకుంటున్నావా, సీసా గూట్లోనే ఉందా? బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటున్నావా? నీ కొడుకు రవి బాగున్నాడా? హిందూపురంలో ఫ్యాక్టరీ డ్యూటీకి బండి మీద పోతాడు, హెల్మెట్ పెట్టుకోమని చిన్నమ్మ చెప్పిందని చెప్పు. కోడలు శైలజకు నడుము నొప్పి తగ్గిందా? బరువులు ఎత్తొద్దను. ఎదురింటి రామక్క కంటి ఆపరేషన్ అయ్యిందా, ఇప్పుడైనా నన్ను ఫోటోలో గుర్తుపడుతుందా? తెల్ల మేక ఈనిందా? ఇంకొకటి అడగాలి. మొదట అడగడానికి భయమేసి ఆఖరున అడుగుతున్నాను. లోపలి గదిలో బావ మగ్గం ఎట్లుంది? చీర దాని మీద అట్లే ఉందా?

నేను బాగున్నాను. మా మంజుల, అల్లుడు, మనవరాలు చిన్ని, అందరం బాగున్నాం. నా గురించి దిగులు పడొద్దు. ఈ మాట ఈ ఉత్తరంలో మళ్ళీ మళ్ళీ రాస్తానేమో, రాసినా చదువుకో. ఇంత దూరం నుంచి కాగితం ఎందుకు, ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఆఁ ఆఁ" అంటావు, వినబడిందో లేదో నాకు తెలియదు. పైగా రవి వచ్చి ఉంటే స్పీకర్ పెడతాడు. ఇది ముందు నువ్వొక్కతివే చదవాల్సిన మాట. నువ్వు ఐదో తరగతి దాకా చదివినదానివి, నేను మూడుతో మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదువు. నవ్వు వస్తే నవ్వు, చాలా రోజులైంది నువ్వు నవ్వి.

ఇక్కడ చలి మొదలైంది. చెట్ల మీద ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. మా మేడ కింద ఒక ముసలాయన రోజూ వాటిని ఊడుస్తాడు, ఊడ్చినచోటే ఇంకొకటి రాలితే దాన్ని చూస్తూ నిలబడతాడు. మనుషులు మెల్లిగా మాట్లాడతారు. తలుపులు కూడా చప్పుడు కాకుండా మూస్తారు. మన వీధిలో తెల్లవారితే ఈ కొసనుంచి ఆ కొసదాకా మగ్గాలు మోగుతుంటాయి కదా, ఆ చప్పుడు లేకపోతే పొద్దు పోయిందో పొడిచిందో నాకు తెలియడం లేదు. మంజుల ఆఫీసుకు, అల్లుడు కంపెనీకి, చిన్ని బడికి పోయాక ఇంట్లో నేనూ ఫ్రిజ్జూ మిగులుతాం. అది గురగురమంటే మనిషి తోడున్నట్టు ఉంటుంది.

తిండికేమీ కొదవ లేదు. ఇక్కడి బియ్యం జిగురుగా ఉంటాయి, సంగటికి బాగా కుదురుతాయి. నేను తెచ్చిన రాగిపిండితో ముద్ద చేస్తే అల్లుడు అడిగి పెట్టించుకున్నాడు. ఆ పిండి ఇప్పుడు అయిపోవచ్చింది. అప్పుడప్పుడూ భూమి కదులుతుంది. మొన్న అన్నం తింటుంటే పైన దీపం ఊగింది. నేను కంచం వదిలేసి గడప దగ్గరకు పరుగెత్తాను. "అవ్వా, ఇది చిన్నదిలే, తిను" అని చిన్ని నన్ను సముదాయించింది. అప్పటినుంచి చెంబులో నీళ్ళు పోసి పక్కన పెట్టుకుని, నీళ్ళు కదులుతున్నాయా అని చూస్తుంటాను. చూడకపోతే భయం, చూస్తే ఇంకా భయం. నువ్వు దిగులు పడొద్దు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పెద్దల అమావాస్య నాడు నువ్వు ఫోన్లో ఏమన్నావో గుర్తుందా? "నరసీ, మధ్యాన్నం నేను అరుగు మీద కూర్చోనుంటే లోపల మగ్గం ఆడతాండాది. పోయి చూస్తే ఎవరూ లేరు" అన్నావు. నేను "పక్కింటోళ్ళ మగ్గంలే అక్కా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చి భయమేసింది. అమావాస్య నాడు మన నేసేవాళ్ళ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు కదా. మరి ఆ రోజు నీకు వినబడింది ఎవరిది? రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఒక దెబ్బ అని కూడా చెప్పావు. కాలు నొప్పి మొదలైనప్పటినుంచి పోయేదాకా బావ అట్లాగే నేసేవాడు.

ఆ భయంతోనే, తరువాత రవి ఫోన్ చేసినప్పుడు నేను వాడి పక్షానే మాట్లాడాను. బెంగళూరులో ఎవరో పెద్ద చీరల అంగడి పెడుతున్నారని, మగ్గాన్ని సగం నేసిన చీరతో సహా అట్లే తీసుకుపోయి, అద్దాల గదిలో లైట్లేసి పెడతారని చెప్పాడు. వాడి మాటలోనూ న్యాయముంది. గది కారుతోంది, మగ్గానికి చెద పడుతుంది, నువ్వు దాన్ని కాచుకుని ఒక్కతివే ఉంటున్నావు, హిందూపురం రమ్మంటే రావు. "ఇచ్చేయక్కా, నీకూ మనశ్శాంతి" అని నేనూ అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కు తీసుకుంటున్నాను. ఎందుకో చెబుతాను విను.

పోయిన ఆదివారం వాన. నేను కిటికీ దగ్గర కూర్చుని చెంబులో నీళ్ళు చూస్తుంటే మంజుల విసుక్కుంది.

"ఎంతసేపు మా ఆ చెంబు చూస్తావు? లేయ్, మ్యూజియంకు పోదాం. ఈ ఊరి చరిత్రంతా పెట్టినారు."

"ఈ ఊరి చరిత్రతో నాకేం పనే? నా ఊరి చరిత్రే నేను మరిచిపోతాండా."

"వానకు తడవకుండా చూసేది అదొక్కటే. రా మా."

పోయాం. పెద్ద కట్టడం, లోపల నిశ్శబ్దం. ఒక గదిలో పాతకాలం ఊరంతా బొమ్మలుగా చేసి పెట్టారు. నది, వంతెన, వేలెడంత ఇళ్ళు, గింజంత మనుషులు. ఇంకో గదిలో చేదలు, చాటలు, దీపాలు, బియ్యం కొలిచే చెక్క డబ్బా. చిన్ని నా చెయ్యి పట్టుకుని "అవ్వా, ఇవన్నీ నీవా?" అంది. "నావైతే ఇట్ల అద్దంలో పెడతానా, వాడుకుంటాను" అన్నాను. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆ తరువాతి గదిలో వెలుతురు తక్కువ. యుద్ధంలో విమానాలు వచ్చి నిప్పు కురిపిస్తే ఈ ఊరు కాలిపోయిందట. కరిగి ముద్దయిన గాజు సీసా ఉంది. ఉడికి పొంగినట్టున్న ఇంటి పెంకు ఉంది. దూది కుక్కి కుట్టిన చిన్నపిల్ల టోపీ ఒకటి ఉంది, మంటల నుంచి తలకు అడ్డంగా వేసుకునేదట. దాని మీద పిల్ల పేరు దారంతో కుట్టి ఉంది. ఎంత దగ్గర దగ్గరగా వేసింది అక్కా ఆ తల్లి కుట్లు! ఊడిపోకూడదని వేసినట్టుంది. 

అప్పుడే చిన్ని బాత్రూం అంది. మంజుల నాతో "కదలకుండా ఈడే నిల్చో మా, ఇప్పుడే వస్తాం" అని దాన్ని తీసుకుని పోయింది. నేను ఆ టోపీ ముందు నిలబడలేక పక్కకు రెండడుగులు వేశాను. అంతే, పక్క గదిలో మగ్గం మోగింది.

నిజం చెబుతున్నాను, చెవులారా విన్నాను. చెక్క చెక్కకు తగిలే చప్పుడు. దెబ్బ, దెబ్బ, మధ్యలో ఎవరో ఊపిరి తీసుకున్నంత ఆగడం, మళ్ళీ దెబ్బ. ఇన్ని నెలల తరువాత ఆ చప్పుడు వింటే నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

లోపల ఒక పాత ఇల్లు ఇల్లుగానే నిలబెట్టారు. చెక్క మెట్టు, మెట్టు ముందు రాయి, రాయి మీద గడ్డితో అల్లిన చెప్పుల జత పొందికగా పెట్టి ఉంది. ఈ దేశంలో ఎవరింటికి పోయినా చెప్పులు విడిచే ఎక్కాలి. చెప్పులు బయట ఉన్నాయంటే మనిషి లోపల ఉన్నట్టే కదా, చప్పుడు కూడా వస్తోంది కదా. ఒక పక్క సన్నని తాడు కట్టారు, గుడ్డలారేసుకునే తాడేమో అనుకున్నాను. నా బూట్లు ఆ గడ్డి చెప్పుల పక్కనే విడిచి లోపలికి ఎక్కాను.

మగ్గం ఉంది. మన మాదిరి కాళ్ళు దింపే గుంత లేదు, చెక్క పలక మీద కూర్చుని నేసేది. దాని మీద నీలం గుడ్డ సగం నేసి ఉంది. పలక మీద ఎవరూ లేరు. అటూ ఇటూ దారం లాగే నాడె పోగుల మధ్యలో కదలకుండా ఉంది. చప్పుడు మాత్రం వస్తోంది అక్కా. దెబ్బ, దెబ్బ, ఊపిరి, దెబ్బ.

పారిపోవాల్సింది. పోయేదాన్నే. కానీ పడుగులో, ఆ నిలువు దారాల్లో, ఒక పోగు తెగి వేలాడుతూ కనబడింది. తెగిన పోగును చూసి ఊరికే పోయే అలవాటు మన ఇంట్లో ఎవరికి ఉంది? మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకుని పలక మీద కూర్చున్నాను. వేళ్ళకు బూడిద లేదు, తడి చేసుకుని పోగు రెండు కొసలూ పట్టి మెలేయబోయాను. టక్కున చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎట్లుందంటే, వెనక ఎవరో నిలబడి నేను సరిగ్గా అతుకుతున్నానా లేదా అని చూస్తున్నట్టు ఉంది. తల తిప్పలేదు. "అమ్మా, కోపగించుకోవద్దు. ఈ పోగు అతికి ఎల్లిపోతా" అని పైకే అన్నాను.

కొంతసేపటికి తల ఎత్తితే మెట్టు కింద ఒక ముసలాయన, మ్యూజియం మనిషి, మెడలో పేరు బిళ్ళ వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను కాదు, గడ్డి చెప్పుల పక్కన నా బూట్లు చూస్తున్నాడు. ఆయన అరవలేదు. ఇంతలో మంజుల పరుగెత్తుకొచ్చింది.

"ఏందిమా ఇది! ఆడ ఎక్కకూడదు! తాడు కనబళ్ళేదా నీకు?"

"చెప్పులు విడిచే వచ్చినా కదే!"

"చెప్పులు విడిస్తే సరిపోతాదా? దిగు మా, నా మానం పోతాంది!"

అది ఆయనకు నడుము వంచి వంచి దండాలు పెడుతోంది. ఆయన కూడా తన బూట్లు విడిచి, మెట్టెక్కి వచ్చి, నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ పోగు అతకవద్దని, తెగింది తెగినట్టే ఉంచాలని మెల్లిగా చెప్పాడట. విడిచిపెట్టాను. సగం మెలి పడిన పోగు మళ్ళీ తనంతట తాను విడిపోయింది. ఆ విడిపోవడం ఇంకా నా వేళ్ళ మీదే ఉంది.

తరువాత ఆయన చెప్పింది మంజుల నాకు చెప్పింది. అది ఈ ఊరి ఒక ముసలామె మగ్గం. చేతనైనన్నాళ్ళూ నేసింది. ఆమె నేస్తుండగా ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టుకున్నారు. మనిషి దగ్గరకు వస్తే దానంతటదే మోగి, కొంతసేపటికి ఆగుతుంది.

"అంటే నేను ఇన్నది ఆమె చెయ్యేనా?" అన్నాను.

"అవునంట మా."

"ఆమె ఉండాదా?"

"లేదు, పోయిందంట."

"మనిషి పోయింది, చెయ్యి ఈడే ఉండాదే! ఆ మాట ఆయనకు చెప్పు."

మంజుల చెప్పనంది. నేను దాని కొంగు పట్టి లాగాను. చెప్పింది. ఆయన తల ఊపాడు. జేబులోంచి చిన్న లైటు తీసి గుడ్డ మీద వేసి చూపించాడు. నేతలో అడ్డంగా సన్నని గీత. గీతకు అటు తల్లి నేసింది. ఇటు నాలుగు వేళ్ళంత కూతురు నేసింది. తల్లి పోయాక గుడ్డ పూర్తి చేసి దించాలని కూర్చుందట. నాలుగు వేళ్ళకే ఆపేసి, అట్లే తెచ్చి ఇక్కడ ఇచ్చేసిందట.

"ఎందుకు ఆపింది?"

"గుడ్డ అయిపోతే అమ్మ పోతాదని అనిపించిందంట మా."

"ఆ పిల్ల ఇప్పుడు యాడుంది?"

పిల్ల కాదట, నా ఈడు మనిషట. ఏటా ఒకసారి వస్తుందట. ఆ తాడు అవతలే నిలబడి, చప్పుడు మొదలై ఆగిపోయేదాకా విని, వెళ్ళిపోతుందట. తన అమ్మ మగ్గమే అక్కా, తనకే మెట్టెక్కే వీలు లేదు.

ఇంటికి వచ్చాను కానీ ఆ చప్పుడు నాతో వచ్చింది. పగలంతా ఒక్కదాన్నే ఉంటాను కదా, ఫ్రిజ్జు గురగురలో కూడా అదే. నాలుగు రోజులకు అది మారింది. ఆ ముసలామెది పోయి బావది వచ్చింది. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఒక దెబ్బ. నా చెవుల రోగమో, బావ నన్ను కూడా పిలుస్తున్నాడో నాకు తెలియదు. నాకు మాత్రం నువ్వే కనబడుతున్నావు. బెంగళూరు అంగట్లో అద్దం అవతల, చీరలు కొనడానికి వచ్చిన జనం మధ్య నిలబడి, సంచి చంకన పెట్టుకుని నీ మొగుడి మగ్గాన్ని చూసి పోతున్నావు. వద్దక్కా. అట్లా కాకూడదు.

మీ మామ పోయినప్పుడు బావ ఏం చేశాడు? పదకొండో దినం కాగానే మగ్గం మీద ఉన్నదాన్ని నేసి, దించి, టెంకాయ కొట్టి, ఆ చీర నీకే ఇచ్చాడు. మన ఇళ్ళలో పద్ధతి అది. బావ పోయాక ఈసారి అది జరగలేదు. రవికి నేత రాదు. కూలికి మనిషిని పిలుద్దామంటే నువ్వు ఒప్పుకోలేదు. "ఆయన నేసిన దాంట్లో ఇంకొకరి దెబ్బ పడితే గీత పడతాది, నేను చూల్లేను" అన్నావు. అప్పుడు నాకూ నిజమే అనిపించింది. ఇప్పుడు ఆ గీతను చూసి వచ్చాను కాబట్టి చెబుతున్నాను, గీత పడనీ. బావ ఎక్కడ దిగాడో ఆ గీతే చెబుతుంది. గీత లేకపోతే ఆయన ఇంకా గుంతలోనే కూర్చున్నట్టు. నొప్పి కాలుతో ఎన్నాళ్ళు తొక్కుతాడు పాపం? దిగనీ అక్కా.

నేనే వచ్చి కూర్చుంటాను. పెళ్ళికాక ముందు నాయన నాకు నేర్పిన నేత కొంచెం మిగిలే ఉంటుంది. హిందూపురం కోడలినయ్యాక పట్టుగూళ్ళు ఏరిన చేతులే ఇవి, మగ్గం పట్టి చాలా కాలమైంది. వంకర వస్తే రానీ. నువ్వు నీ అలవాటు ప్రకారం పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టు. కొంగు రెండు మూరలే మిగిలిందన్నావు కదా. ఆ జపాను కూతురి మాదిరి నాలుగు వేళ్ళకు మనం ఆగొద్దు. నా చెయ్యి ఆగితే నువ్వు తిట్టు, నీ కన్ను తడిస్తే నేను తిడతాను. ఆఖరు దెబ్బ మాత్రం నువ్వే వేయాలి. మామిడి పిందె రంగు చీర, ఎర్రంచు, నాకెందుకు ఇప్పుడు అంటావు. కట్టకపోతే పెట్టెలో పెట్టుకో. చీరైతే అయ్యింది కదా.

చీర దిగినాక ఉత్త మగ్గాన్ని రవి ఎవరికిచ్చినా నేను అడ్డం రాను. ఉత్తది వాళ్ళకు అక్కరలేకపోతే వాళ్ళ ఇష్టం. ఇక్కడ మంజుల నాతో రెండు రోజులు పోట్లాడింది. "మగ్గం కోసం సముద్రం దాటి పోతావా మా? చిన్నిని ఎవరు చూస్తారు?" అంది. "చెప్పులు విడిచి మెట్టెక్కేదానికి నా అక్కకు వీలున్నప్పుడే పోవల్ల" అన్నాను. ఆ మాటకు మంజుల అల్లుడితో చెప్పి టికెట్టు తీయించింది. రవికి కూడా తనే ఫోన్ చేసింది. మగ్గం తీసుకుపోయే బండిని డిసెంబరులో రమ్మంటానని, అంతవరకు ఎవరినీ మగ్గం ముట్టనీయనని వాడు మాటిచ్చాడు. మంచి పిల్లోడు, వాడి మీద కోపం పెట్టుకోవద్దు.

నేను వచ్చేలోపు కొన్ని పనులు చెయ్యి. కారే చోట పైన పట్ట కప్పించు, పడుగు తడవకూడదు. పిడకల బూడిద జల్లెడ పట్టి డబ్బాలో ఉంచు, తెగిన పోగులు అతకడానికి కావాలి. గుంతలో తేళ్ళుంటాయేమో, రవి వచ్చినప్పుడు వాడి చేత ఊడ్పించు, నువ్వు దిగొద్దు. ఆ గదిలో దీపం పెట్టి మరిచిపోవద్దు, నిప్పంటే నాకు ఇప్పుడు ఇంకా భయం పట్టుకుంది. నేను తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవడానికి రాగులు మర పట్టించి, కొంచెం చింతపండు ఉంచు. విమానం ఎక్కడానికి భయమే, ఐనా నువ్వు దిగులు పడొద్దు. రవి బెంగళూరుకు వచ్చి నన్ను పిలుచుకుని, హిందూపురంలో రైలెక్కిస్తాడు. పెనుకొండ కొండ కనబడగానే నీకు ఫోన్ చేస్తాను, అప్పుడు ఎసరు పెట్టు.

రామక్కకు, వీధిలో పెద్దలందరికీ నా దండాలు. రవికి, శైలజకు నా దీవెనలు. నీ పాదాలకు ఇక్కడినుంచే మొక్కుతున్నాను. ఈ ప్రయాణం, ఆ కొంగు రెండూ చక్కగా జరగాలని తల మీద చెయ్యి పెట్టినట్టు ఒక్క మాట అనుకో, నాకు చేరుతుంది.

నీ చేతుల్లో పెరిగిన
నరసమ్మ

ఒక మాట మరిచిపోయాను. మళ్ళీ ఎప్పుడైనా లోపల ఆ చప్పుడు వినబడితే లేచి పోయి వెతకొద్దు, ఏడవొద్దు. అరుగు మీద కూర్చునే బావకు కూడా చెప్పు. చెల్లెలు వస్తోంది, ఇంకెన్నాళ్ళో కాదు, తేదీ కుదిరింది అని చెప్పు. కార్తీక అమావాస్య దాటాక, నవంబరు ఇరవై మూడు, ఆదివారం.